నూనె చేరే లోపు

స్నోమొబైల్‌కి ఏ ఇంజిన్ ఆయిల్ మంచిదని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పే ముందు ఎదురు అడగాల్సింది ఒకటుంది: బండి టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? అది తేల్చుకోకుండా మొదలుపెట్టిన వాదన తెల్లార్లూ సాగినా తెగదు. ఒకాయన తన ఫోర్ స్ట్రోక్ బండిని మనసులో పెట్టుకుని 0డబ్ల్యూ-40 తప్ప ముట్టొద్దంటాడు. ఇంకొకాయన టూ స్ట్రోక్ నడుపుతూ కంపెనీ డబ్బా తప్ప ఏదీ పోయొద్దంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంటుంది గానీ ఇద్దరూ మాట్లాడేది ఒకే సంగతి గురించి కాదు. ఫోర్ స్ట్రోక్‌లో నూనె ఒకచోట నిలువ ఉండి, పంపు తోడి పోస్తే బేరింగులను తడిపి, కిందికి జారి, మళ్లీ అదే దారి పడుతుంది. టూ స్ట్రోక్‌లో దానికి ఒకటే ప్రయాణం. పెట్రోలుతో పాటు లోపలికి వెళ్లి క్రాంకును, పిస్టన్‌ను తడిపి, కాలి, పొగై బయటికి పోతుంది.

చలి మాత్రం రెండింటినీ ఒకే చోట పట్టుకుంటుంది. ఇంజిన్ తిరగడం మొదలైన తొలి క్షణాల్లో నూనె లోహానికీ లోహానికీ మధ్యకి చేరాలి. చేరలేదా, అది ఎంత ఖరీదైనదైనా, దాంట్లో ఎన్ని రసాయనాలు కలిపినా ఒకటే. ఈ విషయం మీద నడిచే చర్చ అంతా నూనె ఎంత బాగా కాపాడుతుందన్న దాని చుట్టూ తిరుగుతుంది. కాపాడటానికి ముందు అది వేళకి అందుతుందా లేదా అన్నదే అసలు లెక్క అని నా అభిప్రాయం. డబ్బా మీద రాసే గుర్తుల్లో ఏది ఆ లెక్క చెబుతుంది, ఏది చెప్పదు అన్నదే ఇక్కడ చూడాలి.

ఈ బండ్లు పుట్టిన ఊళ్లే చలి ఏపాటిదో చెబుతాయి. కెనడాలోని క్యూబెక్‌లో వాల్‌కూర్ అనే చిన్న ఊరు. జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అక్కడి మెకానిక్. 1934 చలికాలంలో అతని చిన్న కొడుకు కడుపులో చీము పట్టి, మంచు కమ్మిన దారుల్లో ఆస్పత్రికి చేర్చలేక చనిపోయాడు. మంచు మీద నడిచే బండి కోసం అతను పడ్డ తపన 1959లో స్కీ-డూగా బజారుకొచ్చింది. సరిహద్దుకి ఇవతల అమెరికాలోని మిన్నెసోటాలో రోసో అనే ఊళ్లో పొలారిస్, థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఆర్కిటిక్ క్యాట్ మొదలయ్యాయి. అదే రాష్ట్రంలో టవర్ అనే చోట 1996 ఫిబ్రవరి 2న ఉష్ణోగ్రత మైనస్ 51 డిగ్రీలకు పడిపోయింది. ఫిన్లాండ్ ఉత్తరాన రెయిన్‌డీర్ మందలు కాసే స్కోల్ట్ సామీల బతుకును ఈ బండి ఎలా తిరగేసిందో పెర్టి పెల్టో అనే మానవశాస్త్రవేత్త 1973లో ఒక పుస్తకమే రాశాడు. మంద వెంట వెళ్లినవాడికి ఇంటి నుంచి ముప్పై మైళ్ల దూరంలో ఇంజిన్ మొరాయిస్తే అది సరదాగా చెప్పుకునే కథ కాదు. మనవాళ్లకు ఈ బండి ఎక్కువగా గుల్మార్గ్ విహారంలో తగులుతుంది. మినియాపొలిస్, ఎడ్మంటన్ వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో సొంతానికి కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి ఇది చలికాలం ప్రతి ఉదయం ఎదురయ్యే ప్రశ్న.

చలికి నూనె ఎందుకు కదలదు? భూమిలోంచి తీసిన ముడి చమురు నుంచి వచ్చే మామూలు నూనెలో కొంత మైనం కలిసి ఉంటుంది. చలి పెరిగే కొద్దీ ఆ మైనం పలుకులు కట్టి, ఒకదానికొకటి అల్లుకుని, మిగతా ద్రవాన్ని ఆ వలలో బిగబడుతుంది. డీజిల్‌కీ ఇదే జబ్బు. లడఖ్‌లో చలికాలం డీజిల్ గడ్డకట్టి బండ్లు ఆగిపోతుంటే, మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేకమైన డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో అక్కడికి తెచ్చింది. నూనెలో మైనం పలుకులు పెరగకుండా ఆపే రసాయనాలు ఉన్నాయి, అయితే వాటికీ ఒక హద్దుంది. చిన్న అణువులను కూర్చి తయారుచేసే పీఏఓ అనే సింథటిక్ నూనెలో మైనం ఊసే ఉండదు కాబట్టి అది మైనస్ 50 దాటాక కూడా పారుతుంది. చలి దేశాల్లో సింథటిక్‌కి ఉన్న గిరాకీలో వ్యాపార ప్రచారం పాలు లేదని అనను. ఈ ఒక్క గుణం దగ్గర మాత్రం ప్రచారం నిజం చెబుతోంది.

ఇక అంకెలు. ఎస్‌ఏఈ సంస్థ జే300 అనే ప్రమాణంలో రెండు రకాల కొలతలు పెట్టింది. వింటర్‌కి గుర్తుగా డబ్ల్యూ ఉన్న మొదటి అంకె చలిలో నడవడికది. రెండోది వేడెక్కాక, నూరు డిగ్రీల దగ్గర, ఉండే చిక్కదనానిది. చలి వైపు రెండు పరీక్షలున్నాయి. మొదటిది సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ తిరుగుతుందా అన్నది. 0డబ్ల్యూ నూనె మైనస్ 35 దగ్గర 6,200 సెంటీపాయిజ్ దాటకూడదు. 5డబ్ల్యూకి మైనస్ 30 దగ్గర 6,600, 10డబ్ల్యూకి మైనస్ 25 దగ్గర 7,000, 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గర 9,500. గది వేడిమిలో నీళ్లది సుమారు 1 సెంటీపాయిజ్ అని గుర్తుపెట్టుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది. రెండో పరీక్ష పంపుది. మొదటి పరీక్ష కంటే మరో ఐదు డిగ్రీలు తక్కువలో, అంటే 0డబ్ల్యూ అయితే మైనస్ 40 దగ్గర, నూనె 60,000 సెంటీపాయిజ్ లోపు ఉండాలి, గడ్డలా నిలవకూడదు.

దీన్ని బట్టి మన బైకుల్లో ఏళ్ల తరబడి పోసిన 20డబ్ల్యూ-40 సంగతి చూడండి. దాని పంపు పరీక్ష మైనస్ 20తో ఆగిపోతుంది. లంబసింగి చలికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ సున్నా అంటేనే పత్రికల్లో వార్త. రోసోలో జనవరి రాత్రి దాన్ని పోసి ఉంచితే పొద్దున ఏమవుతుందో చెప్పే బాధ్యత ఏ ప్రమాణమూ తీసుకోలేదు. అది చెడ్డ నూనె అని కాదు, దాన్ని తయారుచేసింది ఆ పరీక్ష కోసం కాదు.

ఈ రెండో పరీక్ష ఇప్పుడున్న రూపానికి రావడం వెనక ఒక కథ ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోని కథ. 1980-81 చలికాలం, దక్షిణ డకోటా రాష్ట్రంలోని సూ ఫాల్స్ పట్టణం. మరీ భయంకరమైన చలి కూడా కాదు. అప్పటి ప్రయోగశాల పరీక్షల్లో నెగ్గిన నూనెలే పోసుకున్న కార్లు వరసగా ఇంజిన్లు పోగొట్టుకున్నాయి. కారణం వెతికితే తేలిందేమిటంటే, ప్రయోగశాలలో నూనెను గబగబా చల్లార్చేవారు, ఆ ఊళ్లో చలి మెల్లగా దిగుతూ, కొంచెం ఎక్కుతూ, మళ్లీ దిగింది. నెమ్మదిగా చల్లారితే మైనం పలుకులకు తీరిగ్గా అల్లుకునే వ్యవధి దొరుకుతుంది. ఇంజిన్ స్టార్ట్ అయింది. పంపు ఒకసారి నూనె పీల్చింది. గడ్డపెరుగులో గరిటె తీసిన చోట గుంట అలాగే నిలబడినట్టు, పీల్చిన చోట గుంట పడి చుట్టూ ఉన్న నూనె జారి రాలేదు. పంపుకి ఆ తర్వాత అందింది గాలి. ఇంజిన్ అడుగున నిండా నూనె ఉండగానే బేరింగులు ఎండిపోయాయి. ఆ దెబ్బతో పంపు పరీక్షలో నూనెను సుమారు రెండు రోజుల పాటు మెల్లగా చల్లార్చే పద్ధతి వచ్చింది. నూనెకి గడ్డకట్టే గుణం ఎంతుందో పట్టుకునే జెలేషన్ ఇండెక్స్ అనే కొలత కూడా అప్పుడే ముందుకొచ్చింది. పోర్ పాయింట్ అని డబ్బాల మీద, కరపత్రాల్లో గొప్పగా వేసుకునే అంకెను నేను పెద్దగా లెక్కచేయకపోవడానికి కారణం కూడా ఇదే. సీసా వంచితే నూనె కదిలిందా లేదా అన్నదే అది చెబుతుంది. పంపు దాకా వచ్చిందా అన్నది చెప్పదు.

కాబట్టి ఫోర్ స్ట్రోక్ స్నోమొబైల్‌కి మొదటి అంకె గురించి వాదించడానికి ఏమీ మిగల్లేదు. 0డబ్ల్యూ. గుల్మార్గ్ లాంటి చోట, రాత్రి చలి మైనస్ పది, పదిహేను దగ్గర ఆగేచోట, 5డబ్ల్యూ కూడా నెట్టుకొస్తుంది. మిన్నెసోటా, అల్బెర్టాలో బండి ఆరుబయట ఉండేవాళ్లు ఆ పొదుపు జోలికి పోనక్కర్లేదు. స్కీ-డూ వాళ్లు తమ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లకు 0డబ్ల్యూ-40 సింథటిక్ చెబుతారు. యమహా తన బండ్లకు 0డబ్ల్యూ-30 ఇచ్చింది. వివాదమల్లా రెండో అంకె దగ్గర. కార్లలో ఇప్పుడు 0డబ్ల్యూ-20 సర్వసాధారణమైంది, అది చవకగా దొరుకుతుంది, చలికి ఇట్టే పారుతుంది కాబట్టి అదే పోసేద్దామా అనే ఆశ సహజం. ఇక్కడ నా సమాధానం గట్టిగా వద్దనే. స్నోమొబైల్ ఇంజిన్ నింపాదిగా ఆఫీసుకి వెళ్లొచ్చే కారు ఇంజిన్ కాదు. లోతు మంచులో గంటల తరబడి థ్రాటిల్ నొక్కిపట్టి తిరుగుతుంది, టర్బో ఉంటే లోపలి వేడి ఇంకా ఎక్కువ. 150 డిగ్రీల వేడిలో, ఒత్తిడిలో నూనె పొర ఎంత గట్టిగా నిలవాలో జే300 లోనే ఉంది: 20కి కనీసం 2.6 సెంటీపాయిజ్, 30కి 2.9, 0డబ్ల్యూ-40కి 3.5. తయారీదారు 40 చెప్పిన చోట 20 పోయడమంటే పొద్దున మొదటి నిమిషాన్ని కాపాడుకుని మధ్యాహ్నాన్ని పణంగా పెట్టడమే.

బైకుల నుంచి వచ్చినవాళ్లకు ఇంకో సందేహం ఉంటుంది: జాసో ఎంఏ గుర్తు ఉన్న నూనె కావాలా? మన బైకుల్లో క్లచ్ పలకలు ఇంజిన్ నూనెలోనే తడుస్తాయి, నూనె మరీ జారుడైతే క్లచ్ పట్టదు. స్నోమొబైల్‌లో ఆ పని చేసేది బయట పొడిగా తిరిగే బెల్టు. అందువల్ల ఆ గుర్తుతో పనిలేదు. మాన్యువల్ చెప్పిన అంకెలు, నాణ్యతా శ్రేణి సరిపోతే మంచి కారు ఆయిల్ ఇక్కడ అంటరానిదేమీ కాదు.

ఈ అంకెలన్నీ రాకముందు ఉత్తరాది జనం ఏం చేసేవారన్నది తెలుసుకుంటే సమస్య స్వరూపం ఇంకా బాగా పట్టుబడుతుంది. అలాస్కా, కెనడా అడవుల్లో విమానాలు నడిపిన పైలట్లు సాయంత్రం దిగగానే ఇంజిన్ వేడిగా ఉండగానే నూనె మొత్తం డబ్బాలోకి దింపేసుకునేవారు. పొద్దున పొయ్యి మీద కాచి మళ్లీ పోసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక విమానాలకు ఇంకో ఉపాయం వాడారు: ఇంజిన్ ఆపే ముందు నూనెలో కొంత పెట్రోలు కలిపి పలచన చేసేవారు, మర్నాడు ఇంజిన్ వేడెక్కాక ఆ పెట్రోలు ఆవిరైపోయేది. ఉత్తర డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇంజిన్‌కి తగిలించే కరెంటు హీటర్ కనిపెట్టి 1949లో పేటెంటు పొందాడు. ఎడ్మంటన్‌లో కార్ల ముందు భాగం నుంచి ప్లగ్గు వైరు వేలాడటం చూసి కొత్తగా వెళ్లిన మన పిల్లలు ఇవన్నీ కరెంటు కార్లా అని ఆశ్చర్యపోతుంటారు. నూనె ఎంపికకు ఈ హీటర్ ప్రత్యామ్నాయం కాకపోయినా, కరెంటు అందుబాటులో ఉన్న షెడ్డులో బండి పెట్టుకునేవాళ్లకు ఇంతకు మించిన చవకైన బీమా లేదు.

టూ స్ట్రోక్ దగ్గరికి వస్తే పేర్లు మనకు కొత్త కాదు. ఆర్‌ఎక్స్ 100, లూనా, పాత చేతక్ నడిపిన తరానికి పెట్రోల్ బంకులో టూటీ ఆయిల్ కొట్టించుకోవడం తెలుసు. ఇంకా వెనక్కి వెళ్తే మొదటి ప్రపంచ యుద్ధపు రోటరీ విమాన ఇంజిన్లు ఆముదంతోనే తిరిగాయి. క్యాస్ట్రాల్ అనే పేరు క్యాస్టర్ నుంచి వచ్చిందే. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో పండే ఆ గింజల నూనె వేడికి లోహాన్ని వదలకుండా పట్టుకునే గుణంలో ఈనాటికీ గట్టిది, పందేల వాళ్లలో దాని మీద భక్తి పోలేదు. చలికి మాత్రం పనికిరాదు. పెట్రోలుతో అంతంత మాత్రంగా కలుస్తుంది, చలి పెరిగితే విడిపోయి అడుక్కి చేరుతుంది, గొట్టంలో కదలదు. పైగా కాలాక జిగురు మిగులుస్తుంది.

ఇప్పటి టూ స్ట్రోక్ డబ్బాల మీద ఉండే గుర్తుల్లో రెండు ముఖ్యం. ఒకటి జపాన్ వాళ్ల జాసో: ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ. రెండోది పడవ మోటార్ల కోసం అమెరికాలో పుట్టిన టీసీ-డబ్ల్యూ3. చాలామంది ఎఫ్‌డీ అన్నిటికంటే పై మెట్టు కాబట్టి స్నోమొబైల్‌కి కూడా అదే చాలనుకుంటారు. జాసో పరీక్షలు జరిగేది చిన్న స్కూటర్ ఇంజిన్ మీద, జనరేటర్ ఇంజిన్ మీద. పొగ ఎంత, సైలెన్సర్ పూడుకుపోతుందా, పిస్టన్ శుభ్రంగా ఉందా, జారుడు సరిపోయిందా అని చూస్తాయి. చలిలో పారుతుందా అని అవి అడగవు. కాబట్టి హైదరాబాద్‌లో అమ్మే ఎఫ్‌డీ డబ్బా, మైనస్ 40లో వాడే ఎఫ్‌డీ డబ్బా గుర్తులో ఒకటే అయినా లోపల వేరు కావచ్చు. విచిత్రం ఏమిటంటే, టీసీ-డబ్ల్యూ3కి మైనస్ 25 దగ్గర పారాలనే నిబంధన ఉంది. కానీ అది చెరువు నీళ్లు పోసి చల్లబరిచే పడవ ఇంజిన్ కోసం, బూడిద మిగలకుండా తయారైన నూనె. వేగంగా, వేడిగా తిరిగే స్నోమొబైల్ పిస్టన్‌ను శుభ్రంగా ఉంచే శక్తి దానికి చాలదు. ఒకటి వేడి పరీక్ష రాసి చలి పరీక్ష రాయలేదు, రెండోది చలి పరీక్షలో నెగ్గి వేడి దగ్గర చతికిలపడుతుంది. చలిలో పారడం, పెట్రోలుతో కలవడం చూసే ఎస్‌ఏఈ తరగతులు వేరే ఉన్నాయి. వాటిలో మూడోది మైనస్ 25కి, నాలుగోది మైనస్ 40కి. డబ్బా మీద అది కనబడటం అరుదు, నూనె తాలూకు సాంకేతిక పత్రంలో వెతుక్కోవాలి. నా దృష్టిలో టూ స్ట్రోక్ నూనె కొనేవాడు చూడాల్సిన మొదటి అంకె అదే.

ఎందుకంటే ఈ బండ్లలో నూనె ట్యాంకు నుంచి సన్నని గొట్టం గుండా, వడపోత గుండా పంపుకి దిగాలి. నూనె చిక్కబడితే పంపు తిరుగుతూనే ఉంటుంది, ఇవ్వాల్సినంత ఇవ్వదు. పెట్రోలు మాత్రం ఎప్పటిలాగే వస్తుంది కాబట్టి బండి హుషారుగానే పరిగెడుతుంది, ఆ వేగంలోనే పిస్టన్ పట్టేస్తుంది. స్కీ-డూ వాడే రోటాక్స్ ఇంజిన్లలో పొగ దారిని ఎత్తుతూ దించే కవాటం కార్బన్ పట్టి అతుక్కుపోవడం నూనెకి ఉన్న మరో పరీక్ష. తెలిసిన కంపెనీల స్నోమొబైల్ నూనెకు ఖరీదు ఎక్కువ కావడానికి ఉన్న న్యాయమైన కారణం ఈ రెండే: చలిలో పారడం, కవాటాన్ని శుభ్రంగా ఉంచడం.

ఒక దశలో టూ స్ట్రోక్ పని అయిపోయిందనే అనుకున్నారు. యెల్లోస్టోన్ పార్కు ద్వారం దగ్గర పొగ కమ్మి అక్కడ పనిచేసే సిబ్బందికి శ్వాస తొడుగులు ఇవ్వాల్సిన స్థితి వచ్చింది. 2002లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పొగ పరిమితులు ప్రకటించింది. 2003 మోడల్‌గా యమహా ఆర్‌ఎక్స్-1 తెచ్చి పందెపు బండికి కూడా ఫోర్ స్ట్రోక్ పనికొస్తుందని చూపించింది. అయినా టూ స్ట్రోక్ పోలేదు. లోతు మంచు కొండల్లో తేలికైన బండే కావాలి. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఈ-టెక్ లాంటి ఏర్పాట్లు వచ్చాక పొగా తగ్గింది, నూనె ఖర్చూ తగ్గింది. ఇందులో మెలిక ఏమిటంటే, తక్కువ నూనెతో నడిచే ఇంజిన్‌లో ప్రతి చుక్కకీ పని ఎక్కువ. చవక నూనె పోసి మిగుల్చుకునే డబ్బు ఇలాంటి బండ్లలో తక్కువ, పోగొట్టుకునేది ఎక్కువ. ఇటువంటి ఇంజిన్‌లో మాత్రం కంపెనీ చెప్పిన డబ్బానే పోస్తాను, వాదన లేకుండా. దానికి కారణం వారంటీ భయం కాదు. ఫలానా బ్రాండు నూనె వాడితేనే వారంటీ వర్తిస్తుందనే షరతును, ఆ నూనె ఉచితంగా ఇస్తే తప్ప, అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. షోరూమ్ కౌంటర్ దగ్గర ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు.

నూనె తప్పేమీ లేకుండా నూనెకి నింద పడే సందర్భం ఒకటుంది. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి వెంటనే థ్రాటిల్ నొక్కితే అల్యూమినియం పిస్టన్ చకచకా వేడెక్కి ఉబ్బుతుంది, చుట్టూ చల్లని నీళ్లున్న సిలిండర్ ఇంకా ముడుచుకునే ఉంటుంది. మధ్య ఖాళీ మాయమై పిస్టన్‌కి నాలుగు మూలలా గీతలు పడతాయి. నూనె అందక పట్టేసిన పిస్టన్‌కి గీతలు ఆ పద్ధతిలో ఉండవు, చేయి తిరిగిన మెకానిక్ చూడగానే చెబుతాడు. దీనికి మందు డబ్బాలో లేదు, కొన్ని నిమిషాల ఓపికలో ఉంది.

ఫోర్ స్ట్రోక్ వాళ్లకి దీనికి పూర్తిగా వ్యతిరేకమైన చిక్కు. ఇంటి చుట్టూ పది నిమిషాలు తిప్పి ఆపేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. కాలని పెట్రోలు, ఆవిరి నీళ్లు నూనెలో చేరతాయి. యుద్ధకాలపు పైలట్లు తెలిసి చేసిన పనే ఇది, తెలియకుండా జరుగుతుంది. తేడా ఏమిటంటే వాళ్లు మర్నాడు ఆ పెట్రోలును వేడితో తరిమేసేవారు, ఇక్కడ రోజుకింత పోగవుతుంది. నూనె కొలిచే పుల్ల మీద మట్టం తగ్గకపోగా పెరగడం, మూత కింద తెల్లటి నురగ కనబడటం దీని గుర్తులు. అందుకే సీజన్ చివర, బండి మూలన పెట్టే ముందు నూనె మార్చడం మేలు. నీళ్లు, ఆమ్లాలు కలిసిన పాత నూనెలో బేరింగులను ఎనిమిది నెలలు నానబెట్టి, మంచు పడ్డాక కొత్తది పోస్తే ఒరిగేది తక్కువ.

సెకండ్ హ్యాండ్ టూ స్ట్రోక్ కొన్నవాళ్లకు ఇవేవీ కాక మరో జాగ్రత్త కావాలి. ట్యాంకులో ఉన్న నూనె ఏ రకమో పాత యజమాని మాట తప్ప ఆధారం ఉండదు. బూడిద లేని పడవ నూనె, బూడిద ఉన్న నూనె కలిస్తే వాటిలోని రసాయనాలు పొసగక జిగురు కట్టి వడపోతను మూసేయవచ్చు. ట్యాంకు ఖాళీ చేసి, గొట్టాలు కడిగి, వడపోత మార్చి, పంపులో చిక్కిన గాలి తీసేయాలి. కార్బురేటర్ బండి అయితే మొదటి ట్యాంకు పెట్రోలులో కాస్త నూనె కలిపి పోయడం అక్కడి పాత మెకానిక్కుల అలవాటు. తర్వాత నూనె ట్యాంకు మీద గీత పెట్టి, ఆ పెట్రోలు అయ్యేసరికి మట్టం దిగిందా లేదా చూస్తారు. దిగితే పంపు పనిచేస్తున్నట్టు. దిగకపోతే బండిని ఇంటి నుంచి దూరం తీసుకెళ్లరు.